పెట్రోలు–ఎన్నికల అసంబంధ నిర్ధారణ సంఘం

స్కూటరు ఎవరి వల్ల ఆగిపోయిందన్న విషయం మీద ఆ రోజు సాయంత్రం మా ఇంట్లో గొడవ మొదలైంది. ఆగింది మా అమ్మాయి హిమజ నడుపుతుండగా. కానీ అంతకుముందు రోజు దాన్ని నడిపింది మా ఆయన. ముల్లు ఎర్ర గీత మీదకు వచ్చిందని చూసి కూడా, బంకు ముందు నుంచే తిన్నగా ఇంటికి వచ్చేశారు.

"చూసి కూడా ఎందుకు కొట్టించలేదు నాన్నా? కాలేజీ దగ్గర్నుంచి తోసుకుంటూ వచ్చాను. దారంతా 'ఏమ్మా, వ్యాయామమా?' అని పలకరింపులు."

"వార్డు ఉపఎన్నికకు నోటిఫికేషన్ వచ్చేసిందిగా. పోలింగు దాకా ఎప్పుడు కొట్టించినా అదే ధర. ఇప్పట్నుంచీ తొందరెందుకు?"

"ధర ఆగిందని బండి కూడా ఆగిపోవాలా?"

వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అత్తయ్యగారు కొడుకు పక్షం తీసుకున్నారు. "వాడన్నదాంట్లో తప్పేముందే? పోలింగు రోజు సాయంత్రం నింపించుకోవాలి గానీ, ఇంత ముందు ఎవరు కొట్టిస్తారు?"

ఆ మాట బయటి ఊరివాళ్ళకు అర్థం కాదు. మా సింగరాయపురంలో పోలింగు రోజున రెండు వరసలు ఉంటాయి. మొదటిది బడి దగ్గర, రెండోది పెట్రోలు బంకు దగ్గర. మొదటి వరసలో వేలికి సిరా వేయించుకుని, ఆ తడి ఆరకముందే రెండో వరసలోకి వస్తారు. స్కూటర్లు, మోటారు సైకిళ్ళు, క్యాన్లు, కడిగి ఆరబెట్టిన నూనె డబ్బాలు. ఎందుకు వచ్చారని ఎవరూ ఎవరినీ అడగరు. ఎండాకాలం ఆవకాయ పెట్టుకున్నట్టు, పోలింగు రోజు పెట్రోలు నింపుకుంటారు. మర్నాడు పొద్దున బంకు బోర్డు మీద అంకె మారితే, "అనుకున్నాం" అన్నట్టు ఒకసారి చూసి వెళ్ళిపోతారు.

ఆ ఉపఎన్నిక రోజున ఒక పత్రిక రెండు ఫోటోలు పక్కపక్కనే వేసింది. ఒకదాంట్లో బడి దగ్గర నలుగురు. ఇంకోదాంట్లో బంకు దగ్గర నాలుగు వందలమంది. కింద ఒకే ప్రశ్న: "వీటిలో పోలింగు కేంద్రం ఏది?"

పైవాళ్ళకు ఇది చాలా బాధ కలిగించింది. పదిహేను రోజులు తిరక్కుండా ఒక సంఘం వేశారు. దాని పేరు 'పెట్రోలు–ఎన్నికల అసంబంధ నిర్ధారణ సంఘం'. జిల్లా గణాంక కార్యాలయంలో ఉప గణాంకాధికారిగా ఉన్న మా ఆయన చలపతిని దానికి సభ్య కార్యదర్శిని చేశారు.

ఉత్తర్వు నేను చదివాను. "పెట్రోలు ధరలకునూ ఎన్నికల రాజకీయములకునూ ఎట్టి సంబంధమునూ లేదు గనుక, సదరు సంబంధము లేకపోవుటను నిష్పక్షపాతముగా విచారించి, లేదని నిర్ధారించి, నివేదిక సమర్పించవలెను."

"జవాబు వాళ్ళే రాసి ఇచ్చారే," అన్నాను.

"అవును. లెక్క మాత్రం మనం వెతుక్కోవాలి," అన్నారు మా ఆయన దిగులుగా.

ఆయన దిగులుకు కారణం ఉంది. కూరలో ఉప్పు ఎక్కువైనా "బాగానే ఉంది" అనగల మనిషి, అంకె తప్పయితే మాత్రం ఊరుకోలేరు. ఆ వారమంతా భోజనాల బల్ల మీద గళ్ళ కాగితం పరిచి, పదిహేనేళ్ళ ధరలు గీశారు. గీత పైకి పోతుంది, కొంతదూరం చదునుగా నడుస్తుంది, మళ్ళీ పైకి పోతుంది.

అత్తయ్యగారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. "ఇదేమిట్రా, మన మేడమెట్లు గీశావు?"

"మెట్లు కాదమ్మా, పెట్రోలు ధర."

"మరి మధ్యమధ్యన ఈ చదునులేమిటి?"

"అవి ఎన్నికలు."

"అంతేలే. నేనూ మెట్లెక్కేటప్పుడు అలాంటి చోటే ఆగుతాను. ఆయాసం తీరాక మళ్ళీ ఎక్కుతాను."

మా ఆయన కాగితం మడిచి లోపల పెట్టేశారు.

సంఘం మొదటి సమావేశం మున్సిపల్ హాల్లో జరగాలి. కానీ అందులో మొన్నటి ఓటు యంత్రాలు పెట్టి తాళం వేశారు. అందుచేత మా ముందుగదిలో జరిగింది. మిగతా సభ్యులంతా వేరే జిల్లా ఎన్నికల విధుల్లో ఉన్నారు కాబట్టి ఇద్దరే వచ్చారు. ఒకరు అధ్యక్షులు ఉమాపతిరావు గారు, విశ్రాంత సంయుక్త సంచాలకులు. ఆయన మంచినీళ్ళు అడిగినా ఫైలు మీద రాసినట్టు ఉంటుంది. రెండోవారు దినకర్ గారు, చమురు కంపెనీ ప్రాంతీయ అధికారి. నేను పెసరట్లు వేసి ఇస్తూ, అన్నీ విన్నాను.

"ధరను నిర్ణయించేది అంతర్జాతీయ విపణి," అన్నారు దినకర్ గారు అల్లం పచ్చడి ఇంకొంచెం వేసుకుంటూ. "మేం నిమిత్తమాత్రులం."

"మొన్న మన తొమ్మిదో వార్డు ఉపఎన్నికకు కూడా ధర ఆగిందండీ," అన్నారు మా ఆయన. "సింగరాయపురం తొమ్మిదో వార్డు సంగతి అంతర్జాతీయ విపణికి ఎవరు చెప్పారు?"

"యాదృచ్ఛికం."

"పదకొండుసార్లు జరిగిందండీ."

అధ్యక్షులవారు చెయ్యెత్తి ఆపారు. "చలపతి గారూ, ఒకసారి జరిగితే యాదృచ్ఛికం. పదకొండుసార్లు జరిగితే ఆనవాయితీ. ఏ దశలోనూ అది సంబంధం కాజాలదు. రాసుకోండి."

మా ఆయన రాసుకున్నారు. కానీ ఊరుకోలేదు. "సంబంధం లేదని తేల్చాలంటే ఎన్నికలున్న రోజుల ధరనూ, లేని రోజుల ధరనూ పోల్చాలండీ. పోలిస్తే తేడా వస్తోంది."

"తేడా రాకుండా పోల్చండి."

"ఎలాగండీ?"

వచ్చిన ఇద్దరూ పెసరట్ల మీద దృష్టి పెట్టారు. మూల కుర్చీలో కూర్చున్న మా అత్తయ్యగారు అందుకున్నారు. "లేని రోజులు ఉంటేగా నాయనా తేడా వచ్చేది? రోజూ ఎన్నికలే పెట్టుకుంటే సరి. పెట్రోలూ పెరగదు, మీ పరువూ పోదు."

"అత్తయ్యగారూ, మీ కాఫీ చల్లారిపోతోంది," అన్నాను నేను గబగబా. అప్పటికే ఆలస్యమైంది. ఉమాపతిరావు గారు పెసరట్టు ప్లేటు కింద పెట్టారు.

"అమ్మగారు ప్రతిపాదించిన పద్ధతి మిక్కిలి శాస్త్రీయంగా ఉంది," అని, కళ్ళు మూసుకుని మా ఆయనకు చెప్పి రాయించారు. "ఎన్నికలు లేని కాలమును సంపూర్ణముగా తొలగించినచో, ఎన్నికల కాలపు ధరకునూ ఇతర కాలపు ధరకునూ వ్యత్యాసము కానవచ్చు అవకాశమే ఉండదు. వ్యత్యాసము లేనిచోట సంబంధము లేదు."

వాళ్ళు వెళ్ళాక అత్తయ్యగారు నన్ను పిలిచారు. "వకుళా, నేను అంత మాట అన్నానుటే?"

"అన్నారండీ. కానీ మీరు అన్నప్పుడు ఎగతాళిగా ఉంది."

నెల తిరిగేసరికి మా ఊరిని ప్రయోగాత్మకంగా 'నిరంతర ఎన్నికల మండలం'గా ప్రకటించారు. పద్ధతి సులువే. కౌన్సిలర్లు వంతులవారీగా రాజీనామా చేస్తారు. రాజీనామా చేసిన వార్డులో ఉపఎన్నిక వస్తుంది. అది ముగిసేలోపు పక్క వార్డు ఆయన రాజీనామా చేస్తాడు. ఊళ్ళో ఎక్కడో ఒకచోట ఎప్పుడూ ఎన్నిక ఉంటుంది. ఎన్నిక ఉన్నంతకాలం మా ఊరి బంకులో ధర కదలదు. "ఇది కూడా యాదృచ్ఛికమే," అని దినకర్ గారు విలేఖరులకు చెప్పారు, రాబోయే మూడు నెలల యాదృచ్ఛికాల తేదీలు ముందే ఇస్తూ.

మొదట్లో ఊరంతా పండగ. బంకు బోర్డు మీద అంకె రంగు వెలిసిపోయేంత కాలం మారలేదు. పక్క ఊరు మార్తుపాడులో మాత్రం వారానికోసారి పెరిగేది. మా ఊళ్ళో పెరగాల్సింది కూడా అక్కడే పెరిగేదని అక్కడివాళ్ళు అనుకునేవారు. వాళ్ళు మా ఊరికి వచ్చి కొట్టించుకుని వెళ్ళేవారు. రావడానికీ పోవడానికీ ఎంత పెట్రోలు కాలిందో ఎవరూ అడగలేదు.

తర్వాత చిన్నచిన్న సంగతులు బయటపడ్డాయి. మా వీధిలో కాలువ తవ్వి ఉంది. ఎన్నికల నియమావళి అమల్లో ఉంటే కొత్త పనులు చేయకూడదు కాబట్టి, దాన్ని కట్టడానికీ లేదు, పూడ్చడానికీ లేదు. దాని మీద చెక్క వేసుకుని దాటుతున్నాం. ఊళ్ళోని నాయకుల విగ్రహాలకు ముసుగులు వేశారు. మా వీధి చివర విగ్రహం ఎవరిదో కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళకు తెలియదు. మా వార్డుకు ఉన్న ఎన్నికలు చాలవన్నట్టు గ్రంథాలయానికీ, మార్కెట్ కమిటీకీ, పొద్దున్నే నడిచేవాళ్ళ సంఘానికీ కూడా సిరా వేసి ఓట్లు పెట్టారు. అత్తయ్యగారికి ఎడమచేతి వేళ్ళు అయిపోయాయి.

"ఈసారి కుడిచేతికి పెట్టాడే," అన్నారు ఒకరోజు కంచం ముందు వేళ్ళు చాపి. "పప్పు కలుపుకుంటే నీలంగా వస్తోంది."

ఇవన్నీ సర్దుకున్నాం. సర్దుకోలేనిది ఒక్కటే. మా ఊరి డిగ్రీ కాలేజీ.

మున్సిపల్ హాలు చాలక, ఓటు యంత్రాలు దాచేదీ, ఓట్లు లెక్కపెట్టేదీ ఇప్పుడు అక్కడే. లెక్చరర్లంతా ఎన్నికల విధుల్లో ఉన్నారు. హిమజది రసాయనశాస్త్రంలో ఆఖరి సంవత్సరం. పరీక్షలు ఒకసారి వాయిదా పడ్డాయి. మళ్ళీ పడ్డాయి. మళ్ళీ కూడా పడ్డాయి. విశాఖపట్నంలో పైచదువుకు దానికి సీటు వచ్చింది. జూన్ ఆఖరులోగా డిగ్రీ మార్కులు చూపించకపోతే ఆ సీటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మా స్కూటరు ట్యాంకు నిండుగా ఉండడం చూస్తున్నాం. కానీ అది వెళ్ళాల్సిన చోటికి తాళం వేసి ఉంది.

హిమజ తనే వెళ్ళి ఉమాపతిరావు గారిని అడిగింది. "విద్య నిరంతర ప్రక్రియ తల్లీ," అన్నారట ఆయన ఎంతో ఆప్యాయంగా. "ఎన్నికలు కూడా ఇప్పుడు నిరంతర ప్రక్రియ. రెండు నిరంతర ప్రక్రియలు ఒకే భవనంలో ఇమడవు."

అది ఇంటికి వచ్చి ఏడవలేదు. పుస్తకాలన్నీ ఒక సంచిలో పెట్టి అటక మీద పెట్టేసింది. నాకు ఏడుపు కంటే అదే ఎక్కువ బాధనిపించింది.

ఎండలు ముదిరేసరికి కౌన్సిలర్లు కూడా అలిసిపోయారు. నాలుగోసారి రాజీనామా చేసి నాలుగోసారి దండలు వేయించుకునే ఓపిక లేదన్నారు. పోటీ చేసేవాళ్ళు కరువయ్యారు. అందుకని సంఘం 'ఇంటికో అభ్యర్థి' పథకం పెట్టింది. చీటీలు తీసి రెండిళ్ళకు నోటీసులు పంపుతారు: "మీ గృహమునుండి ఒక అభ్యర్థిని సమకూర్చవలెను." ఆ నెల మా పదిహేడో వార్డు వంతు. చీటీలో మా ఇల్లూ, ఎదురింటి సుభద్రమ్మ గారి ఇల్లూ వచ్చాయి.

మా ఆయన ప్రభుత్వోద్యోగి, నిలబడకూడదు. హిమజకు ఇంకా ఇరవై ఒకటి రాలేదు. అత్తయ్యగారు చేతులు రెండూ చూపించి, "నా వల్ల కాదు" అన్నారు. మిగిలింది నేను. నాకు జల్లెడ గుర్తు ఇచ్చారు. అప్పడాలు చేసి అమ్మే సుభద్రమ్మ గారికి కుంపటి.

ఆవిడ మర్నాడే మా గుమ్మంలోకి వచ్చింది. "వకుళమ్మా, నీ ఓటు అడగటానికొచ్చా."

"నాకు వేసుకోవద్దా అండీ?"

"నీకెందుకమ్మా? నాకంటే అవసరముంది. మున్సిపల్ ఆఫీసు డాబా చూశావా? ఎంత విశాలమో! నాలుగు చాపలు పరిచినా అప్పడాలు ఒక్కపూటలో ఎండిపోతాయి."

ఊళ్ళో జరిగిన అన్ని ఎన్నికల్లోనూ, గెలిచి ఏం చేస్తారో స్పష్టంగా చెప్పిన అభ్యర్థి ఆవిడే.

ఇంటికి వచ్చిన కాగితాన్ని చివరిదాకా చదవడం నాకు అలవాటు. మందు సీసా మీది చిన్న అక్షరాలు కూడా వదలను. నామినేషన్‌తో ఇచ్చిన నియమాలు కూడా అలాగే చదివాను. ఇద్దరిలో ఒకరు తప్పుకుంటే రెండోవారు ఆ రోజే ఏకగ్రీవం. ఏకగ్రీవమైతే నియమావళి ఎత్తేస్తారు. యంత్రాలు భవనం ఖాళీ చేసి వెళ్ళిపోతాయి. తర్వాతి వార్డులో ఇంకా ఎవరూ రాజీనామా చేయలేదు కాబట్టి, మళ్ళీ ఎన్నిక పెట్టాలంటే కొత్త నోటిఫికేషన్ కావాలి, దానికి నెల పడుతుంది. నెల రోజులు చాలు, ఒక పరీక్ష పెట్టడానికి.

ఉపసంహరణకు ఏ కాగితం కావాలో ఎన్నికల ఆఫీసుకు వెళ్ళి కనుక్కున్నాను. సోమవారం మధ్యాహ్నం మూడింటిదాకా గడువు అన్నారు. ఇంకెవరికీ చెప్పలేదు. అయినా శనివారం సాయంత్రానికే ఉమాపతిరావు గారు మా ముందుగదిలో ఉన్నారు. ఈసారి టిఫిను వద్దన్నారు.

"అమ్మా, తాము ఉపసంహరణ యోచనలో ఉన్నట్టు విశ్వసనీయ సమాచారం. ఊరి ప్రయోజనాల దృష్ట్యా పునరాలోచించగలరు."

"నేను తప్పుకుంటే ఊరికి ఏం నష్టమండీ?"

"ధర..." అని ఆగిపోయారు.

"ధర?"

"ధర విషయమై ప్రజల్లో ఒక ఆందోళన ఉంది."

"నేను తప్పుకుంటే ఎన్నిక అయిపోతుంది. ఎన్నిక అయిపోతే పెట్రోలు ధర పెరుగుతుందంటారా?"

మా ఆయన పక్క గదిలో ఏదో రాసుకుంటున్నారు. ఆ కలం చప్పుడు ఆగింది.

"అట్లని నేను అనలేదు," అన్నారు ఉమాపతిరావు గారు.

"అనరు కదండీ. ఏ సంబంధమూ లేదని మీ నివేదికలోనే ఉంది. మా ఆయన సంతకం ఒక్కటే తక్కువ."

"లేదు. ఎట్టి సంబంధమూ లేదు."

"అయితే నేను పోటీలో ఉన్నా లేకపోయినా ఒకటే."

ఆయన కండువాతో మెడ తుడుచుకున్నారు. "సూత్రప్రాయంగా ఒకటేనమ్మా. ఆచరణలో మాత్రం ఉండండి."

"ఎందుకు ఉండాలో ఒక ముక్క రాసివ్వండి. తప్పకుండా ఉంటాను."

కాగితం, కలం తెచ్చి ముందు పెట్టాను. ఆయన "ఎందుకనగా" అని రాశారు. కలం మూత పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు. దాని తర్వాత ఏం రాసినా నివేదిక మునుగుతుంది. ఆఖరికి కాగితం నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకుని లేచారు. గుమ్మం దగ్గర మా ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"చలపతి గారూ, అడవి మండలాల్లో గణాంకాధికారుల కొరత చాలా ఉందట. మీ శ్రీమతిగారి ఉపసంహరణకూ దీనికీ ఎట్టి సంబంధమూ లేదు. యాదృచ్ఛికంగా చెబుతున్నాను."

ఆదివారం పొద్దుటికి వార్త ఊరంతా పాకింది. వీధిలో క్యాన్ల చప్పుడు మొదలైంది. ఇద్దరు పొరుగువాళ్ళు వచ్చి, "మీ ఇష్టం అనుకోండి, కానీ ఊరిని కూడా చూడాలి కదా," అన్నారు. మూడో ఆయన ఏమీ అనకుండా మా గేటు ముందు ఉమ్మి వెళ్ళాడు. సుభద్రమ్మ గారు మాత్రం అప్పడాల కట్ట ఒకటి పంపించారు.

మధ్యాహ్నం నలుగురం భోజనాలకు కూర్చున్నాం. ముద్దపప్పు, గుత్తివంకాయ, ఆవిడ పంపిన అప్పడాలు. హిమజ అన్నం కెలుకుతోంది. మా ఆయన ఎంతకీ మొదటి ముద్ద ఎత్తలేదు. బదిలీ అయితే ఈ ఇల్లు, అత్తయ్యగారి మందులు, హిమజ హాస్టలు ఖర్చు, అన్నీ ఆయన మొహంలో వరసగా కనబడుతున్నాయి.

నెయ్యి వడ్డించి, గిన్నె కింద పెట్టి చెప్పాను.

"రేపు నేను ఉపసంహరించుకుంటున్నాను. హిమజా, అటక మీద పుస్తకాలు దించుకో."

హిమజ తలెత్తింది గానీ నన్ను చూడలేదు, వాళ్ళ నాన్నను చూసింది. ఆయన పప్పన్నం కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

"ఎల్లుండి పొద్దున ముందు బంకు దగ్గరికి వెళ్తాను," అన్నారు. "బోర్డు చూసి, కనిపించిన అంకె నివేదికలో వేసి, అప్పుడు సంతకం పెడతాను. ఏ అంకె ఉంటే ఆ అంకె."

"మరి అడవికి వేస్తే?" అన్నారు అత్తయ్యగారు.

"వెళ్దామమ్మా. అక్కడ బంకే లేదట."

"మేడలుండవు కదరా?"

"ఉండవు."

"అయితే నా మోకాళ్ళకు పరవాలేదు," అని ఆవిడ నీలం వేళ్ళతో అప్పడం విరిచారు.

హిమజ రెండోసారి అన్నం అడిగింది. వడ్డిస్తూ అసలు సంగతి జ్ఞాపకం చేశాను.

"రేపు మూడింటిలోపు స్కూటరు ట్యాంకు నిండి ఉండాలి. బంకు దగ్గర వరస పెద్దదే ఉంటుంది. నాన్నా కూతుళ్ళలో ఎవరు వెళ్తారో చేతులు కడుక్కునేలోపు తేల్చుకోండి. ఈసారి తోసుకు రావడానికి నేను ఒప్పుకోను."